సీడార్ పాయింట్ చరిత్ర తెలిసినవాళ్ళు ఉన్నారా? (లేక్ ఈరీ ఒడ్డు, పాత పార్కు, కోస్టర్లు)

శ్రావణి_కొలంబస్

అందరికీ నమస్తే. జూన్ చివర్లో అమ్మానాన్న తెనాలి నుంచి వస్తున్నారు. నయాగరా ఎలాగూ చూపిస్తాం, కాస్త చుట్టయినా సరే ఓహాయోలోనే ఉన్న శాండస్కీ వైపు వెళ్ళి సీడార్ పాయింట్‌లో ఒక రోజు ఆగుదామని మా పిల్లలు ఒకటే గొడవ. వాళ్ళకి కోస్టర్లు కావాలి సరే, కానీ నాన్న రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్ అండి, ఏ ఊరికి తీసుకెళ్ళినా "ఇది ఎప్పటిదమ్మా, ఎవరు కట్టారు" అని మొదలుపెడతారు. ఈ పార్కు 1870 నుంచి ఉందని విన్నా. అప్పట్నుంచీ రోలర్ కోస్టర్లేనా లేక మొదట్లో మామూలు బీచ్‌లా ఉండేదా? నెట్‌లో ఎక్కడ చూసినా ఎత్తు ఎంత స్పీడ్ ఎంత అనే ఉంది, అసలు కథ ఎవరూ రాయలేదు. ఇంకో విషయం, అరవై దాటినవాళ్ళు అక్కడ రోజంతా ఏం చేస్తారు?

ఎరీ_ఒడ్డు

శ్రావణి గారూ, మీ నాన్నగారికి ఈ చోటు తప్పకుండా నచ్చుతుంది, ముందు అది చెప్తున్నా. నేను టొలీడోలో ఉంటా, సీజన్ పాస్ వదిలిపెట్టను.

ముందు ఆ నేల సంగతి తెలియాలి. లేక్ ఈరీకి, శాండస్కీ బేకి మధ్య సన్నగా పొడుగ్గా ఒక ఇసుక నాలుక ఉంటుంది, దాని కొస మీద పార్కు. కాజ్‌వే, అంటే నీళ్ళ మధ్య వేసిన కట్ట రోడ్డు, ఎక్కగానే రెండు పక్కలా నీళ్ళు, ఎదురుగా ఆకాశంలో కోస్టర్ల కొండలు వరసగా కనపడతాయి. పిల్లలు కార్లో అరుస్తారు చూడండి అక్కడ.

1870లో లూయిస్ జిస్టెల్ అని ఒక జర్మన్ వడ్రంగి, ఫర్నిచర్ చేసేవాడు, శాండస్కీ నుంచి ఈ ఇసుక మీదకి చిన్న ఫెర్రీ నడిపాడు. మనిషికి 25 సెంట్లు. ఒడ్డున బీర్ గార్డెన్, స్నానాలకి ఓ గది, డాన్స్‌కి చెక్క నేల, అంతే. ఊళ్ళో ఎండకి ఉడికిపోతున్న జనం చల్లగాలి కోసం పడవెక్కి వచ్చేవాళ్ళు. అంటే మీరన్నట్టు మొదట్లో అది బీచే.

మొదటి కోస్టర్ 1892లో వచ్చింది, స్విచ్‌బ్యాక్ రైల్వే. 25 అడుగుల ఎత్తు, గంటకి 10 మైళ్ళ స్పీడు. మన రెండంతస్తుల మేడ మీద నుంచి చెక్క బల్ల బండిలో జారడమే, ఆ చివర దిగి మళ్ళీ మెట్లెక్కాలి, బండిని మనుషులు తోసి అవతలి పట్టా మీదకి మార్చేవాళ్ళు. ఇప్పుడు అదే ఇసుక మీద 420 అడుగుల టవర్ నిలబడి ఉంది. ఇది మీ నాన్నగారికి చెప్పండి, మిగతాది ఆయనే అడుగుతారు.

ఓరుగల్లు_పోరడు

అన్నా మస్తు చెప్పినవ్. నేను పోయినేడాది ఫ్రెండ్స్‌తోని పోయిన, స్టీల్ వెంజెన్స్ అనే కోస్టర్ ఎక్కి దిగినంక కాళ్ళు వణికినయ్ గని మళ్ళ పోయి లైన్‌ల నిలబడ్డ. అక్కా మీ పిల్లల హైట్ ఎంత? 52 ఇంచులు లేకుంటే దాని మీదికి రానియ్యరు, ముందుగాల ఇంట్లనే కొలుసుకొని పోండి, గేట్ కాడ ఏడుస్తరు మళ్ళ.

శ్రావణి_కొలంబస్

పెద్దోడు దాటాడు, చిన్నదానికి ఇంకా రెండు ఇంచులు కావాలి. థాంక్స్ తమ్ముడూ, ముందే చెప్పి ఒప్పిస్తా.

ఎరీ_ఒడ్డు గారూ, మధ్యలో ఆపేశారేంటండి, 1892 తర్వాత?

ఎరీ_ఒడ్డు

ఆఫీసులో ఉండి ఆపా, ఇప్పుడు తీరిగ్గా రాస్తా.

ఈ చోటుని నిజంగా రిసార్ట్‌గా మార్చింది జార్జ్ బోక్లింగ్. ఇండియానా నుంచి వచ్చిన వ్యాపారి, 1897లో పగ్గాలు పట్టాడు. 1905లో హోటల్ బ్రేకర్స్ కట్టాడు, 600 గదులు, సరిగ్గా సరస్సు ఒడ్డున. ఆ హోటల్ ఇప్పటికీ ఉంది, మధ్యలో గుండ్రటి హాలు పాత తీరులోనే కాపాడారు, గది తీసుకోకపోయినా లోపలికెళ్ళి నిలబడి తల పైకెత్తి చూసి రండి. మరుసటి ఏడాది కొలీసియం అనే పెద్ద భవనం లేచింది, పైన బాల్‌రూమ్. శాండస్కీ నుంచి జనాన్ని తేవడానికి 1909లో ఆయన పేరుతోనే ఒక స్టీమర్ దిగింది. రోడ్డు 1914లో వచ్చింది, అంతకుముందు ఎవరొచ్చినా నీళ్ళ మీదే.

కోస్టర్లు కూడా ఒకదాని తర్వాత ఒకటి, 1908లో డిప్ ద డిప్స్, 1912లో లీప్ ద డిప్స్, 1918లో లీప్ ఫ్రాగ్, 1929లో సైక్లోన్. అన్నీ చెక్కవే.

ఇంకో రెండు ముక్కలు, మీ నాన్నగారికి బాగా పనికొస్తాయి. 1910 ఆగస్టు 31న గ్లెన్ కర్టిస్ అనే పైలట్ క్లీవ్‌లాండ్ దగ్గరి యూక్లిడ్ బీచ్ పార్కు నుంచి విమానంలో బయల్దేరి సరస్సు మీదుగా వచ్చి ఈ బీచ్‌లో దిగాడు, రైట్ సోదరులు ఎగిరి అప్పటికి ఏడేళ్ళు కూడా కాలేదు. 1913 ఎండాకాలంలో న్యూట్ రాక్నీ, గస్ డొరైస్ అని నోటర్ డేమ్ కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు ఇక్కడ పని చేసుకుంటూ ఖాళీ దొరికినప్పుడల్లా ఇసుకలో బంతి ముందుకి విసిరి పట్టుకోవడం ప్రాక్టీస్ చేశారు. ఆ నవంబర్‌లో ఆర్మీ టీమ్‌ని 35-13తో ఓడించారు, అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్ పాస్‌కి దేశమంతా పేరొచ్చింది ఆ మ్యాచ్‌తోనే. రాక్నీ తర్వాత ఎంత పెద్ద కోచ్ అయ్యాడో మీ పిల్లల్ని అడగండి.

డెట్రాయిట్_లక్ష్మి

ఎరీ గారూ ఇంత కథ ఉందని తెలీదండి, ఇన్నేళ్ళుగా పిల్లల్ని దింపి నేను నీడలో కూర్చుని వస్తున్నా!

శ్రావణీ, జూన్ చివర అంటున్నావు కదా, ఒక్క మాట విను. ఆ సీజన్‌లో మేఫ్లైస్ వస్తాయి. సరస్సు అడుగు బురదలోంచి ఒకేసారి లక్షల్లో లేచి ఒడ్డుకొస్తాయి, లైటు ఉన్న ప్రతి చోటా పొరలు పొరలుగా అతుక్కుంటాయి. పొద్దున్న చూస్తే దీపస్తంభాల కింద కుప్పలు, నడిస్తే పటపటమంటాయి. పొడుగు తోక, పారదర్శకంగా రెక్కలు, చూడ్డానికి అందంగానే ఉంటుంది ఒక్కటైతే. కుట్టవు కరవవు, ఒకటి రెండు రోజులే బతుకుతాయి. మా అత్తగారు మొదటిసారి చూసి చీర కొంగు తలకి చుట్టేసుకుని కార్లోంచి దిగనన్నారు. మీ అమ్మగారికి ముందే చెప్పి ఉంచు. రోజూ ఉండవులే, గాలి ఎటు ఉంటే అటు.

చెక్కబండి

మేఫ్లైస్ రావడం శుభమండి, అది అందరికీ తెలియాలి. 1950ల్లో ఈరీ ఎంత పాడైందంటే అడుగున ఆక్సిజన్ అయిపోయి అవి దాదాపు మాయమైపోయాయి. 1990ల్లో నీళ్ళు బాగుపడ్డాక మళ్ళీ వచ్చాయి. ఆ గుంపులు వాతావరణ రాడార్ మీద వాన మబ్బులా కనిపిస్తాయి. పార్కులో కాళ్ళ కింద పటపటమన్నప్పుడు సరస్సు బతికే ఉందని సంతోషించాలి.

పాతకాపు_క్లీవ్‌లాండ్

అమ్మా శ్రావణీ, నేను ఎనభైల్లో క్లీవ్‌లాండ్ వచ్చినవాణ్ణి, మాది భీమవరం. ఎరీ_ఒడ్డు బాబు చాలా బాగా రాస్తున్నాడు. దానికి నాదో మాట కలుపుతాను.

మాగ్నమ్ అనే కోస్టర్ 1989లో వచ్చినప్పుడు నేను చూశాను. 205 అడుగులు, గంటకి 72 మైళ్ళు. మొదలైన చోటికే తిరిగొచ్చే కోస్టర్లలో 200 అడుగులు దాటింది ప్రపంచంలో అదే మొదటిది. ఆ వేసవి క్లీవ్‌లాండ్‌లో ఏ ఆఫీసులో చూసినా ఎక్కావా ఎక్కలేదా ఇదే మాట. బీచ్ పక్కనే పైకి తీసుకెళ్తుంది, కుడీ ఎడమా ఏ గోడా ఉండదు, కింద స్నానాలు చేసేవాళ్ళు గోధుమ గింజలంత కనపడతారు, అంచు మీద ఒక్క క్షణం ముందు నీళ్ళు తప్ప ఏమీ కనపడవు. పక్క సీట్లో మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆంజనేయ దండకం మొదలుపెట్టింది, పూర్తయ్యేలోపు రైడ్ అయిపోయింది.

అయితే మా పిల్లలు పెరిగింది సీడార్ పాయింట్‌లో కాదు, అరోరాలో జియాగా లేక్ పార్కులో. అది కూడా సరస్సు ఒడ్డుదే, పందొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్నదే. దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు ఇప్పుడు. మీ నాన్నగారికి చరిత్ర చెప్పేటట్టయితే రెండో పార్కు కథ కూడా చెప్పమ్మా, బతికినదాని కథ ఒక్కటే చెప్తే సగమే చెప్పినట్టు.

ఓరుగల్లు_పోరడు

అంకుల్ జియాగా లేక్ అంటే ఏంది? నేను పేరు గూడ ఇనలే. చెప్పుండ్రి.

పాతకాపు_క్లీవ్‌లాండ్

చెప్తాను నాయనా. చిన్న సరస్సు. ఒక ఒడ్డున రైడ్లు, ఎదురు ఒడ్డున 1970 నుంచి సీ వరల్డ్, డాల్ఫిన్లూ షామూ తిమింగలం షోలూ. ఇటు బిగ్ డిప్పర్ అని 1925 నాటి చెక్క కోస్టర్. తెల్లగా ఉండేది. మావాడు మొదటిసారి ఎక్కింది అదే, దిగి వాంతి చేసుకుని మళ్ళీ ఎక్కుతానన్నాడు. టికెట్ ఎక్కువ కాదు, జనం తొక్కిసలాట ఉండదు, ఇంట్లో పులిహోర కలుపుకుని వెళ్ళి పిక్నిక్ షెడ్డులో తినేవాళ్ళం, ఆదివారం అక్కడికెళ్తే నలుగురైదుగురు తెలుగువాళ్ళు తగలకుండా ఉండేవాళ్ళు కాదు.

తొంభైల్లో పెద్ద కంపెనీల చేతుల్లోకి వెళ్ళింది. 2000లో సిక్స్ ఫ్లాగ్స్ ఓహాయో అని పేరు మార్చి ఒకే ఏడాది నాలుగు కొత్త కోస్టర్లు దించారు. 2001లో సీ వరల్డ్‌ని కూడా కొని రెండు ఒడ్లూ కలిపేశారు. మూడేళ్ళు తిరక్కుండా 2004లో సీడార్ పాయింట్ అప్పటి యజమానులైన సీడార్ ఫెయిర్ కంపెనీకి 14 కోట్ల 50 లక్షల డాలర్లకి అమ్మేశారు. 2007 సెప్టెంబర్ 16 ఆదివారం ఎప్పట్లానే సీజన్ ముగిసింది. 21న ప్రకటన, రైడ్ల పార్కు ఇక తెరవమని, వాటర్ పార్కు ఒక్కటే ఉంటుందని. చివరి రోజు అక్కడున్న జనానికి అదే చివరి రోజని తెలియదు. నేనూ తెలిస్తే పిల్లల్ని తీసుకెళ్ళి ఉండేవాణ్ణి, పెద్దాడు అప్పటికి కాలేజీలో ఉన్నా పిలిపించేవాణ్ణి.

2008లో ఉన్నవన్నీ వేలం వేశారు. బిగ్ డిప్పర్‌ని ఎవరైనా నిలబెడతారని ఆశపడ్డాం, అలాగే చెట్లూ పొదలూ కమ్మేసి నిలబడి నిలబడి 2016లో పడగొట్టారు.

చెక్కబండి

పాతకాపు గారూ, మీ బాధ అర్థమైంది, నిజంగా. కానీ లెక్క కూడా చూడాలండి. ఆ పార్కు తన సైజుకి మించి ఒక్కసారిగా పెంచేశారు. నాలుగు పెద్ద కోస్టర్లు ఒకే ఏడాదిలో పెడితే వాటి మెయింటెనెన్సూ స్టాఫూ ఇన్సూరెన్సూ ఎప్పటికీ ఆగని ఖర్చు, మర్నాడు దానికి తగ్గ జనం రాకపోతే? గంటన్నర దూరంలో సీడార్ పాయింట్ ఉంది. మీ ఊరి మనుషులకి నచ్చిన తక్కువ టికెట్టు, నెమ్మది, పిక్నిక్కు, ఇవి పోయాయి, దూరం నుంచి వచ్చేవాళ్ళు సీడార్ పాయింట్‌కే పోయారు. కొన్నవాళ్ళు మూసెయ్యకపోయినా ఆ అప్పుల బరువుతో ఎన్నాళ్ళు నడిచేదో.

పాతకాపు_క్లీవ్‌లాండ్

లెక్కలో నువ్వు చెప్పింది నేను కాదనను బాబూ. మూసిన పద్ధతి గురించే నా మాట. నూరేళ్ళకి పైగా నడిచిన చోటుకి జనం వచ్చి చూసి వెళ్ళే ఒక్క వారం ఇవ్వాల్సింది. ఆ వారం టికెట్లతో వాళ్ళకీ నాలుగు డబ్బులు వచ్చేవి.

ఎరీ_ఒడ్డు

పాతకాపు గారూ, మీరు చెప్పిన దానికీ సీడార్ పాయింట్‌కీ ఒక లింకుంది. చాలామందికి తెలియదు, సీడార్ పాయింట్ కూడా అలాగే పోవాల్సింది.

బోక్లింగ్ 1931లో పోయాడు. అప్పటికే మాంద్యం. సైక్లోన్ కట్టిన ఏడాదే స్టాక్ మార్కెట్ కూలింది, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు పార్కు తుప్పు పట్టడమే, పెయింట్ లేక, రిపేర్లు లేక. 1951లో సైక్లోన్‌ని తీసేశారు. అక్కడి నుంచి 1964 దాకా ఇక్కడ పెద్ద కోస్టర్ అన్నదే లేదు. ఇప్పుడు 18 ఉన్న చోట!

1956లో జార్జ్ రూస్, ఎమీల్ లెగ్రోస్ అని ఇద్దరు ఇన్వెస్టర్లు కొన్నారు. మొదటి ప్లాన్ ఏంటంటే అన్నీ పడగొట్టి ఇళ్ళ ప్లాట్లు వేసి అమ్మడం. సరస్సు ఒడ్డు స్థలం కదా, మనకి తెలియని కథా ఇది. శాండస్కీ జనం ఊరుకోలేదు, గొడవ పెద్దదైంది, రాష్ట్రమే తీసుకుంటుందనే మాట కూడా వచ్చింది. ఆ ముందు ఏడాదే కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచారు, ఆ ఊపు చూసి వీళ్ళు మనసు మార్చుకుని ఇక్కడే మిడ్‌వెస్ట్‌కి ఒక డిస్నీల్యాండ్ చేస్తామన్నారు. 1957లో కాజ్‌వే కట్టారు, మీరు కార్లో వెళ్ళేది దాని మీదే. 1964లో బ్లూ స్ట్రీక్ కట్టారు, శాండస్కీ హైస్కూల్ టీమ్ పేరే దానికి పెట్టారు. పార్కు పోకూడదని పట్టుబట్టిన ఊరు కదా, ఆ పేరు చూస్తే నాకు చాలా సంతోషం.

కోస్టర్లు గొప్పవి కాబట్టి పార్కు బతికిందని అందరూ అంటారు. నా లెక్కలో అది తిరగేసి చెప్పడం. 1956లో కోస్టర్లే లేవు. జనం పట్టుబట్టి ఆ నేలని పార్కుగా నిలిపారు, కోస్టర్లు తర్వాత వచ్చాయి. జియాగా లేక్ జనానికి పట్టుబట్టే టైమే ఇవ్వలేదు, పాతకాపు గారి బాధలో అసలు న్యాయం అక్కడుంది.

శ్రావణి_కొలంబస్

ఇది చదివి నాన్నకి ఫోన్ చేసి చెప్పా. "ఊరి టీమ్ పేరు కోస్టర్‌కి పెట్టారా, అయితే అదే ఎక్కుతా" అంటున్నారు! బీపీ కంట్రోల్‌లోనే ఉంది, మోకాళ్ళే కొంచెం. బ్లూ స్ట్రీక్ ఎక్కించొచ్చా ఎవరైనా చెప్పండి ప్లీజ్.

చెక్కబండి

శ్రావణి గారూ, డాక్టర్ని అడక్కుండా వద్దు. నడుము, మెడ, గుండె, వీటిలో ఏది ఉన్నా చెక్క కోస్టర్ ఎక్కొద్దు. బ్లూ స్ట్రీక్ 78 అడుగులే, 40 మైళ్ళే, కానీ చెక్క ట్రాక్ కుదుపు వేరు. వరసగా చిన్న చిన్న గుట్టలు, ప్రతి గుట్ట మీదా సీట్లోంచి లేస్తారు. నేను మెకానికల్ కాబట్టి దాని గురించి రాస్తా, మీ నాన్నగారికి ధైర్యం రావచ్చు.

బండి చక్రాలు మూడు రకాలు. బరువు మోసేవి పట్టా పైన, పక్కకి పోకుండా పట్టుకునేవి పక్కన, మూడోవి పట్టా కింద. గుట్ట మీద మనం గాల్లోకి లేచినప్పుడు బండి లేవకుండా పట్టుకునేవి ఆ కింది చక్రాలే. జాన్ మిల్లర్ అనే డిజైనర్ నూరేళ్ళ కిందట పేటెంట్ చేశాడు, అవి వచ్చాకే కోస్టర్లని అంత ఏటవాలుగా కట్టే ధైర్యం వచ్చింది. పాతకాపు గారు చెప్పిన బిగ్ డిప్పర్ కూడా ఆయనదే.

పైకెక్కేటప్పుడు వినపడే టకటకటక శబ్దం చైన్‌ది కాదు. బండి కింద ఒక ఇనుప నాలుక ఉంటుంది, పట్టాల మధ్య పళ్ళ మీద ఒక్కో పన్నూ దాటుతూ పడుతుంది. చైన్ తెగినా బండి వెనక్కి జారదు, ఆ పన్ను పట్టేస్తుంది. ఆ టకటక విన్నంతసేపూ మీరు క్షేమంగా ఉన్నట్టు.

ట్రాక్‌ని బ్లాకులుగా విడదీస్తారు, ఒక బ్లాక్‌లో ఒకే బండి. ముందు బండి కదలకపోతే వెనకది పైకెక్కే చోటే ఆగిపోతుంది. పైన ఆగితే జనం భయపడి వీడియోలు పెడతారు, నిజానికి సిస్టమ్ పని చేస్తోందనే దానికి అది గుర్తు.

ఓరుగల్లు_పోరడు

అన్నా మరి డ్రాగ్‌స్టర్ సంగతి? గది గూడ చెప్పాలె గద. అన్నీ సేఫ్ సేఫ్ అంటే ఎట్ల.

ఎరీ_ఒడ్డు

న్యాయమైన ప్రశ్న తమ్ముడూ.

టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ 2003లో వచ్చింది. 420 అడుగులు, నాలుగు సెకన్లలోపు 120 మైళ్ళ స్పీడు, మొత్తం రైడ్ 17 సెకన్లు. చైన్ లేదు, హైడ్రాలిక్ మోటార్లు ఒక కేబుల్‌ని లాగితే ఆ కేబుల్ బండిని విసురుతుంది. ఎదురుగాలి ఉన్నా ఇంకేదైనా తేడా ఉన్నా ఒక్కోసారి బండి కొసదాకా వెళ్ళి అటు దాటలేక వెనక్కి వచ్చేది, కింద అయస్కాంతం బ్రేకులు లేచి ఆపేవి. అలా వెనక్కి రావాలని కోరుకుని ఎక్కేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు.

2021 ఆగస్టులో బండి నుంచి ఒక లోహపు ముక్క ఊడి లైన్‌లో నిలబడ్డ మహిళకి తలకి తగిలింది. చాలా తీవ్రమైన గాయం. రైడ్ ఆ రోజే ఆగింది, మళ్ళీ ఆ రూపంలో తెరవలేదు. ఓహాయోలో రైడ్లని తనిఖీ చేసేది వ్యవసాయ శాఖ, వాళ్ళు విచారణ చేశారు. దాన్ని పూర్తిగా మార్చి హైడ్రాలిక్ తీసేసి అయస్కాంత లాంచ్ పెట్టి 2024 మేలో టాప్ థ్రిల్ 2 అని తెరిచారు, వారం రోజులకే బండ్లలో సమస్య ఉందని మూసేసి, 2025లో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు మూడుసార్లు తోస్తుంది, ముందుకి, వెనక్కి ఇంకో నిలువు టవర్ పైకి, మళ్ళీ ముందుకి.

నాకు కోస్టర్లంటే ప్రాణం, అయినా ఈ సంగతి పక్కకి నెట్టను. గాయపడ్డావిడ రైడ్ కూడా ఎక్కలేదు, లైన్‌లో ఉంది. రికార్డుల కోసం ఎత్తు పెంచుకుంటూ పోతే ప్రతి బోల్టూ అంత ఒత్తిడి మోయాలి, ఆ బోల్టుని రోజూ చూసే మనిషి జీతానికి, టైముకి ముందు డబ్బు పెట్టాలి.

డెట్రాయిట్_లక్ష్మి

చివరి మాటకి వంద దండాలు ఎరీ గారూ. పిల్లల్ని ఎక్కించి కింద నిలబడే తల్లిగా చెప్తున్నా.

ఓరుగల్లు_పోరడు

మంచిగ చెప్పినవన్నా. నేను ఇంక ఎక్కుత గని ఇది తెల్సుకొని ఎక్కుడు వేరే.

నాకైతే స్టీల్ వెంజెన్సే అన్నిట్ల పెద్దది. 1991ల కట్టిన మీన్ స్ట్రీక్ అని చెక్క కోస్టర్ ఉండెనట, ఎక్కినోళ్ళ నడుములు పోతుండెనట. 2016ల మూసిండ్రు, గా చెక్కనంత పారెయ్యకుండ దాని మీదనే స్టీల్ పట్టా ఏసి 2018ల తెరిసిండ్రు. 205 ఫీట్లు, నిలువునా 90 డిగ్రీలు దుంకుడు, నాలుగు సార్లు తలకిందులు. మన హైదరాబాద్ వండర్‌లాల రీకాయిల్ ఎక్కి నేను మస్తు ధైర్యమున్నోన్ని అనుకున్న, ఈడ సీట్ల కూసునే టైమే లేదు, అంత గాల్లనే. చెక్క లోపల్కెళ్ళి బండి పోతుంటే తలకాయ తగుల్తదా అనిపిస్తది, తగలదు.

చెక్కబండి

తగలదు ఎందుకంటే ప్రతి కోస్టర్‌కి మనిషి చేతులు చాపినా తగలనంత ఖాళీ లెక్కగట్టి వదులుతారు. కళ్ళకి మాత్రం తగిలేట్టే కనపడాలని డిజైన్ చేస్తారు.

మిలీనియమ్ ఫోర్స్ గురించి ఎవరూ రాయలేదే! 2000లో వచ్చింది, 310 అడుగులు, 93 మైళ్ళు, మొదలైన చోటికే తిరిగొచ్చే (ఫుల్ సర్క్యూట్) కోస్టర్లలో 300 అడుగులు దాటిన మొట్టమొదటిది. 80 డిగ్రీల డ్రాప్. దానికి చైన్ బదులు లిఫ్టు లాంటి కేబుల్ వాడారు, అందుకే ఆ టకటక ఉండదు, నిశ్శబ్దంగా చకచకా పైకి లాగేస్తుంది. భయపడటానికి టైమ్ ఇవ్వదు. పాతికేళ్ళయినా దాని లైన్ తగ్గలేదు.

పాతకాపు_క్లీవ్‌లాండ్

శ్రావణీ, పెద్దవాళ్ళ సంగతి అడిగావు, అందరూ కోస్టర్లలో పడి మర్చిపోయారు. ఆవిరి ఇంజన్ రైలు ఉంది, 1963 నుంచి నడుస్తోంది, కూర్చుని పార్కు వెనక భాగమంతా చూడొచ్చు. గాల్లో వేలాడే స్కై రైడ్ ఉంది, మోకాళ్ళకి ఇబ్బంది లేదు. మిడ్‌వే కారౌసెల్ అని 1912 నాటి రంగులరాట్నం, చెక్క గుర్రాలు చేత్తో చెక్కినవి, దగ్గరకెళ్ళి జూలు, కళ్ళాలు చూడమను మీ నాన్నని. అది ఇక్కడికి 1946లో వచ్చింది. ఇంకొకటి తప్పకుండా చూడాలి, సీడార్ డౌన్స్. రంగులరాట్నమే గానీ గుర్రాలు పందెంలో లాగా ముందుకీ వెనక్కీ జరుగుతూ వేగంగా తిరుగుతాయి. అమెరికాలో అలాంటివి రెండే మిగిలాయి. అది నిజానికి క్లీవ్‌లాండ్ యూక్లిడ్ బీచ్ పార్కుది, 1960ల్లో ఇక్కడికి తెచ్చారు, ఆ పార్కు 1969లో మూతపడింది. పైన బాబు చెప్పిన కర్టిస్ విమానం ఎగిరిన పార్కే అది. ఆయన దిగిన ఒడ్డుకే ఆ గుర్రాలూ చేరాయి.

శ్రావణి_కొలంబస్

అంకుల్ ఇది చదివి ఒళ్ళు జలదరించింది. నాన్నకి దీన్ని ప్రింట్ తీసి ఇస్తా.

భోజనం? అమ్మ ప్యూర్ వెజ్.

డెట్రాయిట్_లక్ష్మి

అక్కడి ఫ్రెష్ కట్ ఫ్రైస్‌కి పేరు, పొట్టుతో సహా తరిగి వేయించి వెనిగర్ పోసుకుని తింటారు. నూనె గురించి పట్టింపు ఉంటే కౌంటర్లో అడగండి. మేమైతే దద్దోజనం, చపాతీలు కూలర్లో పెట్టి కార్లో ఉంచుతాం, మధ్యాహ్నం బయటికొచ్చి తిని చెయ్యి మీద ముద్ర చూపించి లోపలికెళ్తాం. రీ-ఎంట్రీ రూల్ వెళ్ళే ముందు ఒకసారి చూసుకో, మారుతుంటాయి. ఆవకాయ సీసా మాత్రం ఎండలో కార్లో వదలొద్దు, మా సీట్లకి ఆ వాసన పోవడానికి చాలా నెలలు పట్టింది.

శ్రావణి_కొలంబస్

చివరి డౌటు. డాక్టర్ సరేనంటే నాన్నని బ్లూ స్ట్రీక్‌లో ఎక్కడ కూర్చోబెట్టాలి? ముందా వెనకా?

చెక్కబండి

మధ్యలో, చక్రాల మీద కాకుండా రెండు చక్రాల నడుమ ఉండే వరస. వెనక సీటు ఒద్దు, ముందు పెట్టె గుట్ట దాటి దిగుతూ వెనకదాన్ని ఈడ్చేస్తుంది, అక్కడ ఎక్కువ లేస్తారు. తల వెనక్కి ఆనించి, ముందు కడ్డీని గట్టిగా పట్టుకుని, కాళ్ళు నేలకి తన్నిపెట్టి కూర్చోమనండి.

ఎరీ_ఒడ్డు

పొద్దున్నే గేటు తెరిచేసరికి అక్కడ ఉండండి. ముందు రోజు రాత్రి గాలి ఎంత ఉంటుందో చూసుకోండి, సరస్సు మీద గాలి ఎక్కువైనా, చుట్టుపక్కల మెరుపులు ఉన్నా పొడుగు కోస్టర్లన్నీ ఆపేస్తారు, అలాంటి రోజైతే మీ పెద్దోడికి నిరాశ. అంచేత తెరవగానే అటు మిలీనియమ్, స్టీల్ వెంజెన్స్ పూర్తి చేయించండి, ఈలోగా పెద్దవాళ్ళు రైలెక్కుతారు. బ్లూ స్ట్రీక్‌కి సాయంత్రం వెళ్ళండి, లైన్ తక్కువ. ఎక్కాక ఇక్కడ రాయండి, ఏమన్నారో.